ఫ్రీ లెఫ్ట్ ఎవరికి ఫ్రీ?

హైదరాబాద్‌లో పెద్ద సిగ్నళ్ళ దగ్గర ఎడమ పక్కన 'ఫ్రీ లెఫ్ట్' అని ఒక బోర్డు ఉంటుంది. ఈ మాటకి తెలుగు వెతకాలని ఎవరికీ తోచలేదు, అవసరమూ పడలేదు. ఆటో డ్రైవరూ అదే అంటాడు, ట్రాఫిక్ కానిస్టేబులూ అదే అంటాడు. వెనక నుంచి హారన్ మోగించే పెద్దమనిషి కూడా అద్దం దించి "ఫ్రీ లెఫ్ట్ కనబడట్లేదా?" అనే అరుస్తాడు. అర్థం అందరికీ తెలిసిందే. నేరుగా వెళ్ళేవాళ్ళకు ఎర్ర దీపం ఉన్నా సరే, ఎడమకు తిరిగే బండి ఆగనక్కర్లేదు.

మన వాడుకలో ఫ్రీ అంటే రెండర్థాలు. ఒకటి, అడ్డు లేనిది. రెండోది, డబ్బు కట్టకుండా వచ్చేది. చీరతో పాటు జాకెట్టు ముక్క ఫ్రీ అని షాపువాడు అంటే, ఆ ముక్క ఖరీదు చీరలోనే కలిపాడని మా అమ్మకు తెలుసు. ఫ్రీ లెఫ్ట్ ఖరీదు కూడా ఎక్కడో ఒకచోట కలిపే ఉంటుంది. దాన్ని కట్టేది ఆ మలుపు మీదుగా నేరుగా వెళ్ళాల్సిన సైకిల్ మనిషీ, ఆ మలుపును దాటాల్సిన కాలినడక మనిషీ. 

నేను పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో సైకిల్ మీద ఆఫీసుకు వెళ్ళొస్తున్నాను. పోను తొమ్మిది కిలోమీటర్లు, రాను తొమ్మిది. దారిలో ఏడు జంక్షన్లు. సైకిల్ తొక్కితే పొట్ట తగ్గుతుందనీ, పెట్రోలు మిగులుతుందనీ, భూమి చల్లబడుతుందనీ చాలామంది రాశారు. వాటి జోలికి నేను పోను. నేను రాయదలుచుకున్నది ఒక్క మలుపు గురించి, ఆ మలుపులో ఎవరి బాధ్యతను తీసి ఎవరి నెత్తిన పెట్టామన్న దాని గురించి.

*

ముందు ఆ మలుపులో ఏం జరుగుతుందో చూద్దాం. ఎందుకంటే కారు నడిపేవాళ్ళలో చాలామందికి ఇది నిజంగానే తెలియదు.

మనం ఎడమ పక్క నడిచే దేశం. సైకిల్ రోడ్డుకు ఎడమ అంచున పోతుంది. వెనక నుంచి కారు వస్తుంది. జంక్షన్ ఇంకో ముప్పై అడుగులుందనగా కారు సైకిల్‌ను దాటుతుంది. దాటగానే ఎడమకు తిరుగుతుంది. నేరుగా వెళ్తున్న సైకిల్ ముందు ఒక్కసారిగా కారు పక్క తలుపు గోడలా నిలబడుతుంది. సైకిల్ మనిషికి మిగిలేవి రెండే దారులు. బ్రేకు పట్టి జారిపడటం, లేదా కారుతో పాటే ఎడమకు తిరిగి దాని పక్కనే ఫుట్‌పాత్ రాయికి నలగటం. ఇందులో కారు వేగంగా ఉండాల్సిన పని కూడా లేదు. ఇరవై కిలోమీటర్ల వేగం చాలు.

ఆ కారాయన అంత తొందరపడి ఏం సంపాదించాడో లెక్క వేద్దాం. తాపీగా తొక్కే సైకిల్ గంటకు పన్నెండు కిలోమీటర్లు పోతుందనుకోండి. అంటే సెకనుకు పదకొండు అడుగులు. ఆ ముప్పై అడుగులు సైకిల్ దాటిపోవడానికి మూడు సెకన్లు పడుతుంది. కారాయన ఆ మూడు సెకన్లు సైకిల్ వెనక ఉండి, అది ముందుకెళ్ళాక తిరిగితే చాలు, అసలు గొడవే లేదు. మొత్తం వ్యవహారం మూడు సెకన్ల మీద నడుస్తోంది.

రెండో రకం ప్రమాదం ఎదురు వైపు నుంచి కుడికి తిరిగే బండితో వస్తుంది. ఎదురుగా కార్లూ బస్సులూ లేవు కదా అని అతను చటుక్కున తిప్పేస్తాడు. సైకిల్ అతని కంటికి బండి కింద లెక్క కాదు. ఇది కూడా ప్రాణాలు తీసేదే. కానీ అక్కడ కనీసం నాకు అతను కనిపిస్తాడు. ఎడమ మలుపులో దెబ్బ వెనక నుంచి వస్తుంది, అందుకే నాకు దానంటే ఎక్కువ భయం.

*

"చూసుకోలేదండీ" అంటారు. అబద్ధం కాదు. నిజంగానే చూసుకోరు. ఎందుకు చూసుకోరన్నదే అసలు విషయం.

ఫ్రీ లెఫ్ట్‌లో తిరిగే డ్రైవరు ఎటు చూస్తాడు? కుడికి. ఎందుకంటే అతను కలవబోయే రోడ్డు మీద బండ్లు కుడి నుంచే వస్తాయి. అతనికి దెబ్బ తగిలితే అటునుంచే తగులుతుంది. కళ్ళు కుడి వైపు, కారు ఎడమ వైపు. ఆ ఎడమ వైపే సైకిలూ, చంటిపిల్లను ఎత్తుకుని రోడ్డు దాటే ఆడమనిషీ ఉంటారు. 1996లో ఫిన్లాండ్‌లో హెయిక్కి సుమ్మలా అనే పరిశోధకుడూ, ఆయన సహచరులూ సరిగ్గా ఈ సంగతినే అచ్చు వేశారు. అక్కడ బండ్లు కుడి పక్క నడుస్తాయి కాబట్టి మన ఎడమ మలుపు వాళ్ళకు కుడి మలుపు. కుడికి తిరిగే డ్రైవర్లు ఎడమ నుంచి వచ్చే కార్ల కోసం చూస్తూ, కుడి వైపు నుంచి వచ్చే సైకిళ్ళ వైపు సరిగా చూడటం లేదని వాళ్ళు గమనించారు. అందులో నాకు ఇంకా ముఖ్యంగా అనిపించింది మరొకటుంది. వేగం తగ్గించే ఏర్పాట్లు పెట్టిన చోట డ్రైవర్ల చూపు కూడా మారింది. అంటే బండి నెమ్మదిస్తే కళ్ళకు రెండో వైపు చూసే తీరిక దొరుకుతుంది.

దీన్ని బట్టి తేలేదేమిటి? డ్రైవరుకు ఎంత నీతి బోధించినా లాభం తక్కువ. అతని చేత నెమ్మదిగా తిప్పిస్తే లాభం ఎక్కువ. మరి మన ఫ్రీ లెఫ్ట్ చేసేదేమిటి? మూలను గుండ్రంగా, వెడల్పుగా కోసి, మధ్యలో ఒక త్రికోణపు దిమ్మె కట్టి, బండి వేగం తగ్గించకుండానే జారిపోయేలా దారి తీర్చిపెడుతుంది. చూడాల్సిన చోట చూడనక్కర్లేకుండా చేసిన ఏర్పాటు అది. అలాంటి చోట నిలబడి డ్రైవర్లకు "జాగ్రత్తగా చూసి నడపండి" అని బ్యానర్ కట్టడం కంటే హాస్యం ఇంకోటి లేదు.

*

లారీ, బస్సు సంగతి వేరే చెప్పాలి. పొడుగు బండి తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాలు నడిచిన జాడలో నడవవు. లోపలికి కోసుకుంటూ వస్తాయి. లారీ ముందు భాగం నన్ను దాటి పోయింది కదా, ఇక పర్వాలేదు అనుకునే క్షణంలోనే వెనక చక్రం నా వైపు జరుగుతుంది. పైగా మన లారీల్లో డ్రైవరు కూచునేది కుడి వైపు, ఎత్తులో. ఎడమ తలుపు కింద ఆనుకుని ఉన్న సైకిల్ అతనికి కనిపించనే కనిపించదు. అతని తప్పు కూడా కాదది. ఆ బండి తయారీయే అలాంటిది.

ఒకప్పుడు దీనికి మన దగ్గర ఒక మందు ఉండేది. దాని పేరు క్లీనరు. ఎడమ తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ, లారీ రేకు మీద అరచేత్తో కొడుతూ, "రానీ రానీ, లెఫ్ట్ ఖాళీ... ఆగాగాగు, సైకిలూ!" అని అరిచే కుర్రాడు. వాడి బతుకు ఎంత హీనమో నాకు తెలుసు, ఆ పనిని కీర్తించడం నా ఉద్దేశం కాదు. కానీ వాడు లారీకి ఎడమ కన్ను. జీతం మిగులుతుందని ఆ కన్ను తీసేసిన లారీలు ఇప్పుడు రోడ్ల మీద బోలెడు. తీసేసిన కన్ను స్థానంలో ఇంకో కన్ను పెట్టాలని ఎవరూ అడగలేదు.

లండన్‌లో అడిగారు. అక్కడా మనలాగే ఎడమ పక్క నడక, ఎడమకు తిరిగే లారీల కింద సైకిళ్ళ వాళ్ళు చనిపోవడమూ మామూలే. 2021 మార్చి నుంచి 12 టన్నులు దాటిన లారీ నగరంలో తిరగాలంటే డ్రైవరుకు క్యాబిన్ లోంచి నేరుగా ఎంత మేర కనిపిస్తుందో కొలిచి చుక్కలు వేస్తారు, పర్మిట్ తీసుకోవాలి. చుక్కలు చాలకపోతే కెమెరాలూ సెన్సర్లూ పెట్టుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి కొత్తగా అమ్మే ప్రతి లారీకీ పక్కన సైకిల్ ఉంటే డ్రైవరుకు చెప్పే పరికరం తప్పనిసరి. మన క్లీనరు కుర్రాడు చేసే పనికే వాళ్ళు చట్టం రాసుకున్నారన్నమాట.

*

ఇక్కడికొచ్చాక తప్పకుండా ఎవరో ఒకరు అంటారు: "అదంతా సరేనండీ, ముందు సైకిల్ తొక్కేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి కదా?"

ఉండాలి. నేను ఉంటాను. ఏం చేస్తానో చెప్తాను, కొత్తగా తొక్కేవాళ్ళకు పనికొస్తుంది.

ఆగి ఉన్న లారీకి గానీ బస్సుకు గానీ ఎడమ పక్క సందులోంచి దూరి ముందుకు వెళ్ళను. సందు ఎంత వెడల్పున్నా సరే. సిగ్నల్ దగ్గర దాని వెనకే ఆగుతాను, లేదా డ్రైవరుకు నా ముఖం కనిపించేంత ముందుకు వెళ్ళి ఆగుతాను. పక్కన మాత్రం ఆగను. జంక్షన్ రాకముందే వెనక్కి చూసి, చెయ్యి చాపి, అంచు వదిలి లేన్ మధ్యలోకి వస్తాను. అంచున ఉంటే నన్ను దాటి తిరగడానికి కారుకు చోటు దొరుకుతుంది. మధ్యలో ఉంటే నా వెనక ఆగక తప్పదు. ఇండికేటర్‌ను నమ్మను. చాలామంది వెయ్యరు, వేసినవాళ్ళలో కొందరు పోయిన వారం వేసి ఆపడం మర్చిపోయినవాళ్ళు. కారు ముందు చక్రాన్ని చూస్తాను. బండి ఎటు తిరగబోతోందో అందరికంటే ముందు చెప్పేది ఆ చక్రమే. డ్రైవరు కళ్ళలోకి చూడటానికి ప్రయత్నిస్తాను. నల్ల ఫిల్ము వేసిన అద్దమైతే, అతను నన్ను చూడలేదనే అనుకుంటాను. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు.

ఇదంతా చేస్తే ప్రాణం దక్కుతుంది, చాలా మటుకు. కానీ ఈ జాబితా మరోసారి చదవండి. ఇందులో ప్రతి పనీ నాదే. ఆగేది నేను, చూసేది నేను, చెయ్యి చాపేది నేను, ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించేది నేను. బరువు పదిహేను కిలోలున్న బండి తొక్కేవాడికి పది పనులు, పన్నెండు వందల కిలోల బండి నడిపేవాడికి ఒక్కటీ లేదు. ఈ లెక్కను మనం రోడ్డు భద్రత అంటున్నాం.

ఇంకో సంగతి. నేను లేన్ మధ్యలోకి వచ్చినప్పుడు నా తల మీద హెల్మెట్, కింద గేర్ల సైకిల్ ఉంటాయి. హారన్ కొట్టినవాడు కూడా "సార్, కొంచెం సైడ్" అంటాడు. అదే చోట, అదే పని, వెనక క్యారియర్‌కి రెండు గ్యాస్ సిలిండర్లు కట్టుకున్న మనిషి చేస్తే "ఒరేయ్, పక్కకి పోరా, రోడ్డు నీ అబ్బదా?" అంటాడు. ఆ మనిషి వయసు అరవై ఉండొచ్చు. కాబట్టి ఆయన అంచునే పోతాడు. అంచున పోవడం ప్రమాదమని ఆయనకు తెలియక కాదు. మధ్యలోకి వచ్చే ధైర్యం తెలివి వల్ల రాదు, హోదా వల్ల వస్తుంది. జాగ్రత్తలు చెప్పే కరపత్రాలు రాసేవాళ్ళు ఈ సంగతి ఎప్పుడూ రాయరు.

*

సాహిత్యం చదివేవాళ్ళు వచ్చే చోటు కాబట్టి భాష గురించి కూడా చెప్పాలి.

మన పత్రికల్లో రోడ్డు ప్రమాదపు వార్తను గుర్తు తెచ్చుకోండి. 'మృత్యువు లారీ రూపంలో కబళించింది.' 'నెత్తురోడిన రహదారి.' 'విధి వక్రించి.' 'అదుపు తప్పి.' 'కానరాని లోకాలకు.' ఒక్క వాక్యంలోనూ కర్త ఉండడు. ఉంటే విధి ఉంటుంది, మృత్యువు ఉంటుంది, లేకపోతే లారీయే ఉంటుంది. లారీ దూసుకొచ్చింది, కారు ఢీకొట్టింది. వాటిని ఎవరో నడుపుతున్నారనీ, ఆ నడిపేవాడు ఆ క్షణంలో ఎడమకు తిప్పాడనీ, ఆ మలుపును ఒక ఇంజనీరు గీశాడనీ, ఒక కాంట్రాక్టరు కట్టాడనీ, ఒక శాఖ బిల్లు పాస్ చేసిందనీ ఎక్కడా ఉండదు. విధికి చలాన్ రాయలేం కదా.

ఇదే వార్తల్లో కర్త స్పష్టంగా కనిపించే వాక్యం ఒకటుంది: 'హెల్మెట్ ధరించని సైకిలిస్టు.' చచ్చిపోయినవాడు మాత్రం వ్యాకరణ సహితంగా దొరికిపోతాడు.

పెద్ద మార్పు అక్కర్లేదు. 'సైకిల్‌పై వెళ్తున్న వ్యక్తి లారీ కింద పడి మృతి' అని రాసే బదులు 'సైకిల్‌పై నేరుగా వెళ్తున్న వ్యక్తి మీదుగా డ్రైవరు లారీని ఎడమకు తిప్పాడు' అని రాస్తే చాలు. చదివినవాడికి వెంటనే ప్రశ్న పుడుతుంది: ఎందుకు తిప్పాడు, ఎలా తిప్పగలిగాడు, ఆ మూల ఎలా ఉంది? మొదటి వాక్యం చదివితే "అయ్యో పాపం" అని పేజీ తిప్పేస్తాం.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నడిచి వెళ్తున్నవాళ్ళు 32,825 మంది. సైకిల్ మీద ఉన్నవాళ్ళు 4,800కు పైగా. ఇన్ని వేల మందిని విధి ఒక్కతే చూసుకుంటోందని నమ్మడానికి చాలా భక్తి ఉండాలి.

*

2022 అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు కొత్త జరిమానాలు మొదలుపెట్టారు. ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డంగా నిలబడితే వెయ్యి రూపాయలు. స్టాప్ లైన్ దాటి ముందుకొచ్చి నిలబడితే వంద రూపాయలు. స్టాప్ లైన్ ఎందుకు గీస్తారు? దాని ముందు జీబ్రా గీతల మీద మనుషులు నడుస్తారు కాబట్టి. అంటే నడిచే మనిషి దారికి అడ్డొస్తే వంద, తిరిగే కారు దారికి అడ్డొస్తే వెయ్యి. మా ఊరు ఎవరి సమయానికి ఎంత విలువ కడుతుందో ఇంత సూటిగా చెప్పిన పత్రం ఇంకోటి నేను చూడలేదు. పోలీసుల మీద కోపంతో అంటున్నది కాదిది. వాళ్ళకు అప్పజెప్పిన పని బండ్లను కదిలించడం, దాన్ని వాళ్ళు చేస్తున్నారు. పనిని అలా అప్పజెప్పిందెవరన్నదే నా ప్రశ్న.

కాగితం మీద మన చట్టాలు వేరే మాట చెప్తాయి. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పిందేమిటంటే, కదిలించాల్సింది మనుషుల్ని, వాహనాల్ని కాదు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు కాలినడకవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల విషయంలో డ్రైవర్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలంటాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198-ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డును ప్రమాణాల ప్రకారం డిజైన్ చెయ్యక, కట్టక, చూసుకోక దానివల్ల మరణం గానీ వైకల్యం గానీ సంభవిస్తే, బాధ్యులైన అధికార సంస్థకో, కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. ప్రాణానికి లక్ష ఏపాటి అన్నది అలా ఉంచండి. రోడ్డు గీసినవాడు కూడా తప్పు చెయ్యగలడని చట్టం ఒప్పుకుంది, అది గొప్ప సంగతి. అయితే ఆ సెక్షన్ గురించి మాట్లాడేవాళ్ళు నాకు ఎక్కడా కనబడరు. హెల్మెట్ గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం ప్రతి మూలా ఉన్నారు.

*

ఇప్పుడు ఎదురు వాదనలు. నాకు బాగా అలవాటైనవి మూడున్నాయి.

మొదటిది: "సైకిళ్ళవాళ్ళే రాంగ్ రూట్లో వస్తారు." వస్తారు, నిజమే. ఎందుకు వస్తారో కూడా చూడాలి. మా ఊళ్ళో చాలా జంక్షన్లను మూసేసి, డివైడర్ కట్టి, యూటర్న్ ముందెక్కడో పెట్టారు. ఎదురుగా కనిపిస్తున్న వీధిలోకి పోవాలంటే అర కిలోమీటరు వెళ్ళి, మూడు లేన్ల బండ్లను అడ్డంగా కోసుకుంటూ కుడి అంచుకు చేరి, తిరిగి, మళ్ళీ మూడు లేన్లు కోసుకుంటూ ఎడమ అంచుకు రావాలి. కారుకు అది రెండు నిమిషాల పని. సిలిండర్లు కట్టుకున్న సైకిల్‌కు అది ప్రాణగండం. కాబట్టి వంద గజాలు ఎదురు తొక్కుతాడు. ఆ వంద గజాలు తప్పే. కానీ రెండు ప్రమాదాల్లో చిన్నది ఎంచుకున్న మనిషిని క్రమశిక్షణ లేనివాడు అనడం అన్యాయం.

రెండోది: "ఫ్రీ లెఫ్ట్ తీసేస్తే ట్రాఫిక్ జామ్ అవుతుంది." ఇప్పుడు అవ్వట్లేదా? ఫ్రీ లెఫ్ట్‌లో ఆగకుండా తిరిగిన బండ్లు తర్వాతి రోడ్డు మొదట్లోనే, బస్టాపు దగ్గర, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఆగి ఉంటాయి. అక్కడ నేను రోజూ వాటిని దాటుకుంటూ పోతాను. అసలు సంగతేంటంటే, ఎడమకు బండ్లు ఎప్పుడూ ఆగవు కాబట్టి నడిచే మనిషికి ఆకుపచ్చ దీపం ఎప్పుడూ వెలగదు. వీధి దాటడానికి ఒక ముసలావిడ ఎంతసేపు నిలబడుతుందో ఏ జామ్ లెక్కలోనూ రాదు. 

మూడోది, పెద్దది: "ఇది హాలండ్ కాదండీ. మన జనానికి ఆ కల్చర్ లేదు." హాలండ్‌కు కూడా ఉండేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లు పెరిగాక వాళ్ళూ మనలాగే రోడ్లు వెడల్పు చేసి కార్లకు ఇచ్చేశారు. 1971లో అంత చిన్న దేశంలో రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు. అందులో 400కు పైగా పిల్లలు. కూతురిని పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత, విక్ లాంగెన్‌హాఫ్, 'పిల్లల హత్య ఆపండి' అనే శీర్షికతో వ్యాసం రాశాడు. ఆ శీర్షికే ఉద్యమం పేరైంది. తల్లులూ తండ్రులూ వీధుల్లో కూచున్నారు. ప్రమాదం అనే మాటను పక్కనపెట్టి హత్య అన్నారు చూడండి, అక్కడుంది విషయం. వాళ్ళ భాషలో కర్త దొరికాడు. దొరికాక ఏం చెయ్యాలో తెలిసింది.

వాళ్ళు చేసింది జనానికి సంస్కారం నేర్పడం కాదు, మూలలు మార్చడం. మూల దగ్గర ఒక చిన్న సిమెంటు దిమ్మె కట్టారు. దానివల్ల కారు గుండ్రంగా జారిపోలేదు, నెమ్మదించి బాగా మడుచుకుని తిరగాలి. సైకిల్ దాటే చోటును మూల నుంచి ఒక కారు పొడవు వెనక్కి జరిపారు. దాంతో కారు తిరగడం పూర్తై సూటిగా నిలబడ్డాక సైకిల్ ఎదురుగా కనిపిస్తుంది, పక్క అద్దంలో వెతుక్కోనక్కర్లేదు. సిగ్నల్ దగ్గర సైకిళ్ళు ఆగే గీతను కార్ల గీత కంటే ముందు గీశారు. చట్టంలో కూడా కారుకూ సైకిల్‌కూ గుద్దులాట జరిగితే నష్టం కారువాడే భరించాలన్న దగ్గర మొదలుపెడతారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలైతే దాదాపు ఇంక వాదనే లేదు. బ్రిటన్‌లో అంత లేదు గానీ, 2022 జనవరిలో వాళ్ళ రోడ్డు నియమావళిని మార్చారు. నేరుగా వెళ్తున్న సైకిల్‌కు అడ్డంగా కారు తిప్పకూడదని విడమరిచి రాశారు.

కల్చర్ లేదంటారా? సిమెంటు దిమ్మెకు కల్చర్‌తో పనిలేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర మన ఊళ్ళో సంస్కారవంతుడూ నెమ్మదిస్తాడు, సంస్కారం లేనివాడూ నెమ్మదిస్తాడు. 

*

"మన ప్రభుత్వం సైకిళ్ళ కోసం ఇంత చేసింది కదా" అనేవాళ్ళూ ఉన్నారు. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి. బాగుంది, నేనూ తొక్కాను. కానీ ఇంటి నుంచి అక్కడికి చేరడం ఎలా? కారు వెనక సైకిల్ కట్టుకుని వచ్చేవాళ్ళను నేను అక్కడ చాలామందిని చూశాను. అది వ్యాయామశాల. వ్యాయామశాల ఉండొచ్చు, తప్పులేదు. దాన్ని చూపించి రోడ్డు మీద సైకిల్ సంగతి తీరిపోయిందనడమే తప్పు. మలుపులు లేని చోట ట్రాక్ వెయ్యడం తేలిక. సైకిల్ మనిషి చచ్చేది మలుపు దగ్గర.

ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు. అంతకంటే మంచి పని అరుదు. అయితే ఊళ్ళో బడికి పోయే ఆ పిల్ల హైవే ఎక్కే చోట, ఇసుక లారీ ఎడమకు తిరిగే చోట, ఏం కట్టారు? సైకిల్ ఇచ్చిన ఫోటో ఉంటుంది, మూల ఫోటో ఉండదు.

2011 జనాభా లెక్కల్లో దేశంలో ప్రతి వంద ఇళ్ళలో 45 ఇళ్ళకు సైకిల్ ఉంది. కారున్న ఇళ్ళు అయిదు కూడా లేవు. ఆ తర్వాత కార్లు పెరిగాయి, నిజమే. అయినా తెల్లవారుజామున పేపర్ వేసే కుర్రాడూ, రాత్రి ఫ్లాస్కుల్లో టీ పోసుకుని తిరిగే అతనూ, డ్యూటీ మారే వేళ వాచ్‌మేనూ, కత్తులకు సాన పట్టే ఆయనా, బిల్డింగు పనికి పోయే మేస్త్రీ ఇంకా సైకిల్ మీదే ఉన్నారు. వాళ్ళు ఫేస్‌బుక్‌లో గ్రూపులు పెట్టరు, ఆదివారం జెండా ఊపి ర్యాలీలు తియ్యరు. అందుకని సైకిల్ తొక్కేవాళ్ళంటే నాలాంటి హెల్మెట్ వాళ్ళేనని మునిసిపాలిటీ అనుకుంటోంది.

*

నేను అడిగేవి ఇవి. జనం దాటే చోట, బడి దగ్గర, బస్టాపు దగ్గర ఫ్రీ లెఫ్ట్ ఎత్తెయ్యండి. ఎడమకు తిరిగేవాళ్ళకూ ఎర్ర దీపం అంటే ఎర్ర దీపమే కావాలి. ఎత్తెయ్యలేని చోట ఆ దారి నోట్లో ఫుట్‌పాత్ ఎత్తున గట్టు పొయ్యండి, బండి దాన్ని ఎక్కి దిగాలి. గుండ్రంగా కోసిన మూలల్ని మళ్ళీ బిగించండి. ముందు సిమెంటు కూడా అక్కర్లేదు, నాలుగు ప్లాస్టిక్ స్తంభాలు పాతి నెల రోజులు చూడండి. ఊళ్ళోకి వచ్చే లారీకి ఎడమ వైపు కింద దాకా కనిపించే అద్దమో కెమెరానో ఉందా అని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు అడగండి. మలుపులో మనిషి పోయిన ప్రతిసారీ డ్రైవరు పేరుతో పాటు ఆ మూల నక్షా కూడా విచారణకు పెట్టండి, 198-ఎ సెక్షన్ ఉన్నది అందుకే.

ఇది చదువుతున్నవాళ్ళలో కారు నడిపేవాళ్ళే ఎక్కువని నాకు తెలుసు. ప్రభుత్వం మూలలు మార్చేదాకా మీరు ఆగనక్కర్లేదు. రేపు ఎడమకు తిరగబోయే ముందు ఎదర సైకిల్ కనిపిస్తే దాన్ని దాటకండి. దాని వెనకే ఉండండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. సైకిల్ జంక్షన్ దాటిపోయాక తిరగండి. మూడు సెకన్లు పడుతుంది.